కమిలిన దెబ్బలకు పెరటి మందులు: ఎప్పుడు వాడవలెను, ఎట్లు వాడవలెను?

సేద్యము చేయు ఇంటిలో దెబ్బ తగలని నెల ఉండదు. తడి గట్టుపై కాలు జారును. 75 కిలోల ధాన్యపు బస్తా భుజము మీదినుండి జారి మోకాలిపై పడును. ట్రాక్టరుకు నాగలి తగిలించునప్పుడు వేలు నలుగును. ఎద్దు ఈగను తోలుకొనుటకు తల విసిరినచో కొమ్ము పక్కటెముకలకు తగులును. చర్మము చిట్లదు, నెత్తురు బయటికి రాదు. కాని మరునాటికి ఆ చోటు నల్లగా కమిలి, గుడ్డ తగిలినను బాధ పుట్టును.

ఇట్టి దెబ్బకు మనవారు ఆస్పత్రికి పోవుట అరుదు. పసుపో, వావిలాకో, కర్పూరపు నూనెయో, దుకాణములో దొరకు బామో రాసికొని మరల పొలమునకు పోవుదురు. ఈ వాడుకలో మంచి చాలా ఉన్నది. అయితే ఇచ్చట మందు కన్న వేళ ముఖ్యము. మూడవనాడు హాయినిచ్చు మందే మొదటి గంటలో కీడు చేయును. ఈ ఒక్క సంగతి తెలియనందున దెబ్బను పెంచుకొన్నవారు మన గ్రామములలో పెక్కుమంది కలరు.

కమిలిన చోట జరుగునది ఏమి?

దెబ్బ తగిలినప్పుడు చర్మము క్రిందనున్న సన్నని రక్తనాళములు చిట్లి, నెత్తురు చుట్టుపట్ల కండలోనికి ఊరును. మొదట ఎరుపుగా కనబడు ఆ చోటు తరువాత నీలముగను, నల్లగను మారును. కొన్ని దినములకు అంచులు ఆకుపచ్చబడి, కడకు పసుపు రంగు వచ్చి మాయమగును. ఈ రంగుల మార్పు చూచి విషము ఎక్కుచున్నదని భయపడువారు కలరు. భయపడవలసినది ఏమియు లేదు. ఊరిన నెత్తురులోని హిమోగ్లోబిన్‌ను శరీరము తానే విరుగగొట్టి ఎత్తివేయుచున్నదని దీని అర్థము. అది విరిగినప్పుడు మొదట బిలివెర్డిన్ అను ఆకుపచ్చ పదార్థము, తరువాత బిలిరుబిన్ అను పసుపుపచ్చ పదార్థము ఏర్పడును. కామెర్లలో కన్ను పచ్చబడుటయు ఈ బిలిరుబిన్ వలననే. సామాన్యమైన కమిలిన దెబ్బ రెండు వారములలో దానంతట అది మానును. పైపూత మందులు బాధను తగ్గించి, బిగుసుకొన్న కండను సడలించి, చర్మమునకు రక్తప్రసారము పెంచి మనకు సాయపడును. ఊరిన నెత్తురును లాగివేయు ఆకు ఏదియు లేదు.

మొదటి రెండు దినములు

నాళములు చిట్లి ఉన్నంతవరకు నెత్తురు ఊరుచునే ఉండును. అప్పుడు వేడి తగిలినచో నాళములు విప్పారి ఊట హెచ్చును. చల్లదనము తగిలినచో అవి ముడుచుకొని ఊట తగ్గును. కావున దెబ్బ తగిలిన వెంటనే చేయవలసిన పని చన్నీటి పట్టు వేయుట. పొలములోనున్న కుండనీటిలో తువాలు తడిపి, పిండి, కమిలిన చోట వేసి వెచ్చబడినపుడెల్ల మార్చుచుండవలెను. ఇంటిలో ఐసు ఉన్నచో గుడ్డలో చుట్టి 15 నిమిషములు ఉంచి తీయవలెను. రెండు మూడు గంటలకు ఒకసారి ఇట్లు చేయవచ్చును. ఐసును చర్మముపై తిన్నగా పెట్టరాదు. చేయి గాని కాలు గాని అయినచో దిండుపై ఎత్తి ఉంచవలెను. కట్టు కట్టినను వదులుగా కట్టవలెను.

మన ఊళ్ళలో జరుగుచున్నది దీనికి తలక్రిందు. పడిన గంటలోనే వేడి నూనె పోసి, గట్టి చేతివాటము గల వారిని పిలిపించి మర్దన చేయింతురు. రోగి అరచినకొలది మర్దన బాగుగ జరిగినదని తలతురు. అసలే చిట్లిన నాళములను ఈ మర్దన మరింత చింపును. మరునాటికి వాపు రెట్టింపగుటకు కారణము తరచుగా దెబ్బ కాదు, ఈ మర్దనయే. మొదటి 48 గంటలు మర్దన, కాపడము, మిరియము, అల్లము, బాము, ఇవేవియు వలదు.

వావిలి

మూడవనాటికి వాపు నిలిచి, బిగువు మిగులును. ఇప్పుడు వేడికి వేళ వచ్చినది. పెరటి మందులలో నేను ముందు చెప్పదలచినది వావిలి. సంస్కృతములో నిర్గుండి, సిందువారము అని పేర్లు. ఒక్కొక్క కాడకు మూడు గాని ఐదు గాని సన్నని ఆకులు, పైభాగము ముదురు ఆకుపచ్చ, క్రిందిభాగము బూడిదవన్నె, నలిపినచో ఘాటైన వాసన, కొమ్మల చివర చిన్న నీలపు పూలు: వాగుల ఒడ్డున, కాలువ గట్లపై దీనిని ఎరుగని రైతు ఉండడు. బాలింతరాండ్రకు వావిలాకు కాచిన నీటితో స్నానము చేయించుట మన ఇండ్లలో పాత ఆచారము.

వావిలాకు నొప్పిని, వాపును తగ్గించునని ప్రయోగశాలలో ఎలుకలపై జరిపిన పరీక్షలలో తేలినది. మనుష్యులపై అంత విరివిగా పరీక్షలు జరుగలేదు. అయినను వావిలాకు కాపడము రెండు విధముల మేలు చేయునని చెప్పవచ్చును: ఆకులోని తైలము ఒకటి, తడి వేడి ఒకటి. ఆ రెండింటిలో తడి వేడి పాలే ఎక్కువని నా అభిప్రాయము.

వాడు పద్ధతి ఇది. రెండు గుప్పెళ్ళ లేత ఆకును దూసి, మట్టి మూకుడులో ఒక చెంచా ఆముదముతో సన్నని సెగపై వాడునంతవరకు వేపి, పలుచని నూలుగుడ్డలో మూటకట్టవలెను. మూటను ముందు తమ ముంజేతికి తాకించి చూచుకొనవలెను. ఓర్చుకొనదగిన వేడియే రోగికి పెట్టవలెను. 10 నుండి 15 నిమిషములు, దినమునకు రెండు పర్యాయములు చాలును. ముసలివారికి, మధుమేహము ఉండి పాదములు తిమ్మిరెక్కిన వారికి వేడి తెలియదు; వారికి కాలిన తరువాత గాని తెలియకపోవచ్చును. వారి విషయములో మూట గోరువెచ్చగా మాత్రమే ఉండవలెను. వావిలి దొరకనిచోట ఆముదపాకును వెచ్చజేసి కట్టుటయు ఉన్నది. ఆముదపు గింజ విషమైనను, ఆకు కట్టుటకు, నూనె రాయుటకు భయము లేదు.

పసుపు, సున్నము

పసుపును గూర్చి మనకు ఒకరు చెప్పవలసిన పని లేదు. దుగ్గిరాల, నిజామాబాదు, కడప ప్రాంతముల రైతులు దానితోనే బ్రతుకుచున్నారు. 1995లో అమెరికాలో మిసిసిపీ విశ్వవిద్యాలయపు వైద్య కేంద్రము, పసుపు గాయములను మాన్పునన్న విషయము తాము క్రొత్తగా కనుగొన్నట్లు పేటెంటు పొందినది. మన శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన మండలి అభ్యంతరము తెలిపి, పాత గ్రంథములను, 1953లో భారత వైద్య సంఘపు పత్రికలో వచ్చిన వ్యాసమును చూపగా 1997లో ఆ పేటెంటు రద్దయినది. మన అవ్వలు ఎరిగిన సంగతికి కూడ సాక్ష్యము కాగితముపై ఉండవలసి వచ్చినది!

పసుపులోని సారము కర్క్యుమిన్. అది నీటిలో కరగదు, నూనెలో కొంత కరగును. అందుచేత పసుపును నీటితో నూరి పట్టు వేయుట కన్న వెచ్చని నువ్వుల నూనెలో గాని, ఆముదములో గాని కలిపి పూయుట మేలు. అట్లు పూసినను చర్మమును దాటి లోనికి పోవునది కొద్దిపాటియే. కాబట్టి పైపైని గీరుకొన్న చోటికి, స్వల్పమైన వాపునకు పసుపు మంచిది. లోతుగా నలిగిన కండకు దాని శక్తి అంతగా చాలదు.

బజారులోని కొమ్ములకు మెరుగు కొరకు సీసముతో కూడిన పచ్చ రంగులు పూయుట అక్కడక్కడ పట్టుబడినది. మందుకైనను, కూరకైనను మన పొలములో ఉడికించి ఎండబెట్టిన కొమ్మును మన ఇంటనే దంచుకొనుట ఉత్తమము.

బెణికిన చోట పసుపు, సున్నము కలిపి పట్టు వేయుట మన వాడుక. రెండును కలియగానే ఎర్రబడుటను చూచి ఏదో మహత్తు పుట్టినదని తలతురు. పారాణి ఎరుపు కూడ ఇదియే. సున్నము యొక్క క్షారగుణము వలన కర్క్యుమిన్ రంగు మార్చుకొనుచున్నది, అంతే. పట్టు ఎండినపుడు చర్మమును బిగించి పట్టుటచే కొంత ఊరటగా తోచును. కాని సున్నము చర్మమును తినివేయు పదార్థము. పట్టు వేసి రాత్రి అంతయు ఉంచిన తరువాత బొబ్బలు లేచిన కాళ్ళు నేను చూచితిని. గీరుకొన్న చర్మముపై, పసిపిల్లలపై, కంటికి దగ్గరగా సున్నపు పట్టు ఎన్నడును వేయరాదు.

మిరప చేయు వేడి

గుంటూరు మిరపలోని కారమునకు కారణము క్యాప్సైసిన్. 1997లో అమెరికా శాస్త్రజ్ఞుడు డేవిడ్ జూలియస్ ఈ పదార్థమును సాధనముగా చేసికొని మన నరములలో వేడిని గుర్తించు గ్రాహకమును కనుగొనెను. 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడికి మేల్కొను ఆ గ్రాహకమునే మిరప కారము కూడ మేల్కొలుపును. ఈ కృషికి 2021లో ఆయనకు, ఆర్డెమ్ పటపూటియన్‌కు కలిపి వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి వచ్చినది. కావున మిరప కారము మండుట నరములకు తోచు వేడి మాత్రమే, నిప్పు లేదు. అయినను ఆ మంటకు చర్మములోని నాళములు విప్పారి, రక్తప్రసారము హెచ్చి, ఎర్రబడును. పదేపదే రాసినచో నరములు అలసి నొప్పిని పంపుట తగ్గించును.

దీనిపై ఆధారపడియే మందుల దుకాణములలో క్యాప్సైసిన్ లేపనములు దొరకుచున్నవి. వాటిలో ఆ పదార్థము నూటికి 0.025 నుండి 0.075 పాళ్ళు మాత్రమే. అవి కీళ్ళ నొప్పులకు, నరముల నొప్పులకు ఉద్దేశించినవి. క్రొత్తగా కమిలిన చోటికి పనికిరావు. పండుమిరపకాయ నూరి కట్టిన వారు ఈ కొలత ఎరుగరు. వారికి దక్కునది కాలిన పుండు.

సందర్భము వచ్చినది కనుక మిరప కోయు స్త్రీల చేతుల మంటను గూర్చి ఒక మాట. క్యాప్సైసిన్ నీటిలో కరగదు. ఎంత కడిగినను పోదు. ముందు చేతులకు వంటనూనె బాగుగ రాసి రుద్ది, తరువాత సబ్బుతో కడిగి, మరల ఒకమారు ఇట్లే చేసినచో మంట తగ్గును. కాయలోని తెల్లని ఈనె భాగముననే కారము ఎక్కువ. గింజలో స్వతహాగా ఉండదు.

కర్పూరము, పుదీన పువ్వు, బాము డబ్బా

బాము డబ్బాపైనున్న అక్షరములను ఓపికతో చదివినచో నాలుగు పేర్లు తరచుగా కనబడును: కర్పూరము, మెంథాల్, నీలగిరి తైలము, మిథైల్ సాలిసిలేట్. మొదటి మూడును నరములకు చల్లదనమో, వెచ్చదనమో తోపించి నొప్పిని మరపించును. మెంథాల్ నిజముగా చర్మమును చల్లబరచదు. చల్లదనమును గుర్తించు గ్రాహకమును తట్టును, అంతే.

మన పెరటిలోని కూర పుదీనను నూరి కట్టినచో ఇదే గుణము వచ్చునా అని రైతులు అడుగుచుందురు. రాదు. మెంథాల్ ఇచ్చు పుదీన వేరు జాతి. ఉత్తర ప్రదేశ్‌లోని బారాబంకి ప్రాంతమున విస్తారముగా సాగగును. మన కూర పుదీనలో మెంథాల్ అత్యల్పము. అట్లే మన జామాయిల్ తోటలు ముఖ్యముగా కాగితపు గుజ్జు కొరకు పెంచబడినవి. నీలగిరి తైలమునకు పేరుగన్నది చల్లని కొండలపై పెరుగు వేరొక జాతి.

ఇంటిలో కర్పూరపు నూనె చేసికొనువారు 100 మిల్లీలీటర్ల నువ్వుల నూనెను గాని కొబ్బరినూనెను గాని గోరువెచ్చగా కాచి, పొయ్యి నుండి దించి, దూరముగా తెచ్చిన పిదప 5 గ్రాముల కర్పూరము పొడి కలిపి మూత పెట్టవలెను. కర్పూరము మంటను ఇట్టే అందుకొనును, జాగ్రత్త. అమెరికాలో పైపూత మందులలో కర్పూరము 11 శాతము మించరాదని నియమము. కావున ఎక్కువ వేసినచో ఎక్కువ గుణమని తలపరాదు. రెండేండ్ల లోపు పిల్లలకు కర్పూరము రాయరాదు. పిల్లలు కర్పూరపు బిళ్ళ మింగినచో కొద్దిసేపటిలోనే ఫిట్సు రావచ్చును. అరటిపండు పెట్టి ఊరకుండక వెంటనే ఆస్పత్రికి తీసికొనిపోవలెను.

నాలుగవదైన మిథైల్ సాలిసిలేట్ వింటర్‌గ్రీన్ నూనెలోని పదార్థము, ఆస్పిరిన్‌కు చుట్టము. శుద్ధమైన వింటర్‌గ్రీన్ నూనె ఒక చెంచా, అనగా 5 మిల్లీలీటర్లు, మింగుట ఇరువదికి పైగా ఆస్పిరిన్ బిళ్ళలు మింగుటతో సమానము. పసిపిల్లకు అది ప్రాణాంతకము. సీసాను దేవుని గూటిలోనో, కిటికీలోనో ఉంచక పైఅటకపై ఉంచవలెను. ఇట్టి బాము రాసిన చోట వేడి కాపడము పెట్టరాదు, చర్మము కాలును. గుండెజబ్బు వలన రక్తము పలుచబరచు బిళ్ళలు వాడువారు వైద్యుని అడుగక దీనిని రాసికొనరాదు.

ఎన్నడును వాడరానివి

బెణుకులకు నల్లజీడి రసము పెట్టుట ఇంకను కొన్ని పల్లెలలో ఉన్నది. ఆ రసము చర్మమును కాల్చి, బొబ్బలెక్కించి, దద్దురు ఒంటినిండ పాకించును. దెబ్బ మానినను మచ్చ మానదు. జిల్లేడు పాలు కూడ ఇట్టివే. కంటిలో ఒక బొట్టు పడినను చూపునకు ప్రమాదము.

ఎద్దులకు, ఆవులకు

మనుష్యునికి చెప్పినదంతయు పశువునకు వర్తించును. కాడి ఒరిసి మెడ వాచినచో, పొడుచుకొని పక్క కమిలినచో మొదటి రెండు దినములు చన్నీళ్ళు ధారగా పోయుట, తరువాత వెచ్చని ఉప్పునీటి కాపడము, అన్నింటికన్న ముఖ్యముగా కాడి పెట్టకుండుట. వాపు మెత్తగా నీటితిత్తివలె ఉన్నచో చీము పట్టినదని తలచి కత్తితో కోయువారు కలరు. అది చీము కాక ఊరిన నెత్తురైనచో, తొందరపడి కోసినప్పుడు నెత్తురు ఆగదు. పశువైద్యుడు చూచిన తరువాతనే ఏదైనను చేయవలెను. 1962 నంబరుకు ఫోను చేసినచో సంచార పశువైద్య వాహనము వచ్చును. వాతలు పెట్టుట వలన కలుగు మేలు ఏమియు లేదు. వాత నొప్పికి పాత నొప్పి మరుగునపడుచున్నది.

మరియొక సంగతి. మనుష్యుల డైక్లోఫెనాక్ సూదిమందును ఎద్దుకు వేయించువారు ఇంకను అక్కడక్కడ కలరు. ఆ మందు వేసిన పశువు చనిపోయినచో, దాని కళేబరము తిన్న రాబందులు మూత్రపిండములు చెడి చచ్చును. 1990ల తరువాత మన దేశములో తెల్లవీపు రాబందులు నూటికి 99 పైగా తరిగిపోవుటకు ఇదియే కారణము. 2006లో పశువులకు డైక్లోఫెనాక్ నిషేధించబడినది. 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ కూడ నిషేధించబడినవి. మెలాక్సికామ్ అను మందు పశువులకు పనిచేయును, రాబందులకు హాని చేయదు. పశువైద్యునితో ఆ పేరు చెప్పి అడుగవచ్చును.

దెబ్బ లేకయే కమిలినచో

గ్రామాధికారులు, వ్యవసాయ సహాయకులు ఈ భాగమును చదివి పదిమందికి చెప్పవలెనని కోరుచున్నాను. దెబ్బ తగిలిన జ్ఞాపకము లేకుండ ఒంటిపై నల్లమచ్చలు లేచినచో, చిగుళ్ళనుండి నెత్తురు వచ్చినచో పెరటి మందులు వెదుకరాదు.

వరిలో ఎలుకల నివారణకు మనము నూకలు 96 పాళ్ళు, నూనె 2 పాళ్ళు, బ్రొమాడియోలోన్ మందు 2 పాళ్ళు కలిపి ఎర పెట్టుచున్నాము. ఆ మందు చంపు విధమే రక్తము గడ్డకట్టకుండ చేయుట. ఎర తిన్న పిల్లవానికి గాని, కుక్కకు గాని వెంటనే ఏమియు తెలియదు. రెండు మూడు దినములకు ఒంటిపై కమిలిన మచ్చలు కనబడును. దీనికి విటమిన్ కె1 అను విరుగుడు ఉన్నది. వైద్యునికి మందు పేరు చెప్పవలెను, వీలైనచో ప్యాకెట్టు చూపవలెను. ఈ మందుల వంశమునకు మూలము కూడ ఒక పశువుల కొట్టమే. 1920లలో ఉత్తర అమెరికాలో బూజుపట్టిన స్వీట్ క్లోవర్ ఎండుగడ్డి తిన్న ఆవులు చిన్న గాయమునకే నెత్తురు కారి చనిపోయినవి. ఆ గడ్డిలోని పదార్థమును కార్ల్ పాల్ లింక్ బృందము వెలికితీయగా, దాని జాడలోనే 1948లో వార్ఫరిన్ ఎలుకల మందుగా బజారుకు వచ్చినది.

పచ్చిక కోయుచుండగా చురుక్కుమని, కాలు వాచి నల్లబడుచున్నచో అది రక్తపింజరి కాటు కావచ్చును. ఏ ఆకును కట్టక, కోయక, కాలు కదల్చక 108 వాహనమును పిలువవలెను. ట్రాక్టరు చక్రము ఎక్కి నలిగిన కాలు రాయివలె గట్టిపడి తిమ్మిరెక్కినను, తలకు దెబ్బ తగిలి వాంతులైనను, ఎద్దు కొమ్ము కడుపుకు తగిలి నొప్పి హెచ్చుచున్నను ఆస్పత్రియే దిక్కు. ఆ వేళలలో చన్నీటి పట్టు కొరకు కూడ ఆగరాదు.

వావిలి నాటుట

వావిలి లేని ఊరివారు తొలకరి వానలకు దానిని తెచ్చుకొనవచ్చును. ఏడాది వయసుగల, పెన్సిలంత లావు కొమ్మలను జానెడు ముక్కలుగా కోసి, రెండు కణుపులు మన్నులో ఉండునట్లు తడి నేలలో గాని మట్టి నింపిన సంచులలో గాని నాటవలెను. కంచెగా వేయువారు మూరకొక ముక్క పెట్టవచ్చును. పశువులు దీనిని అంతగా మేయవు గనుక కాపలా అక్కరలేదు. ఏటికొకసారి వానకాలమునకు ముందు నడుమెత్తున నరికినచో గుబురుగా చిగిర్చును. నరికిన ఆకును నీడలో ఎండబెట్టి కంది, పెసల గాదెలలో పొరలు పొరలుగా వేసినచో పురుగు పట్టుట తగ్గును.